గ్రీకు, రోమన్ కట్టడాలు, శిల్పాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏథెన్స్, రోమ్ చూడబోయేవాళ్లు, కళాచరిత్ర చదివేవాళ్లు, సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ చేర్చాం. రాజులు, యుద్ధాల జోలికి పెద్దగా పోలేదు. రాయిని ఎలా అతికారు, ఎలా ఎత్తారు, సున్నంలో ఏం కలిపారు, ఎక్కడ పగిలింది, ఎందుకు పగిలింది అన్నవే ఇక్కడి విషయాలు. ఈ కట్టడాల గొప్పతనం పనివాళ్ల చేతుల్లో ఉంది కాబట్టి వాటిని అక్కడి నుంచే చూడాలి.

గ్రీకు గుడికీ రోమన్ గుడికీ తేడా చూడగానే ఎలా తెలుస్తుంది?

ముందు మెట్లు చూడండి. గ్రీకు గుడికి నాలుగు వైపులా మెట్లుంటాయి, సాధారణంగా మూడు. పెద్ద గుడి అయితే చుట్టూ స్తంభాల వరుస తిరుగుతుంది. రోమన్ గుడి ఎత్తయిన అరుగు మీద ఉంటుంది, ఎక్కడానికి మెట్లు ముందువైపే ఉంటాయి. ముందు లోతైన మండపం, దాని వెనక గది. పక్కగోడలకు కూడా స్తంభాలున్నట్టే కనిపిస్తాయి కానీ, దగ్గరికెళ్తే చాలాచోట్ల అవి గోడలోంచి సగం బయటికొచ్చిన అర్ధస్తంభాలు. ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణంలో ఉన్న మేజోన్ కారే ఇందుకు చక్కటి ఉదాహరణ.

రెండింటిలోనూ బలిపీఠం బయట, ఆరుబయలులో ఉండేది. జనం గుమిగూడేది అక్కడే. లోపలి గది దేవుడి విగ్రహానికి. బయటి ముఖాల మీద అంత శ్రద్ధ పెట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

డోరిక్, అయోనిక్, కొరింథియన్ స్తంభాలను ఎలా గుర్తుపట్టాలి?

అందరూ పై భాగమే చూస్తారు. కింద కూడా చూస్తే పొరపాటు పడరు. గ్రీకు డోరిక్ స్తంభానికి పీఠం ఉండదు, నేరుగా మెట్టు మీదే నిలబడుతుంది. నిలువు గాడులు సాధారణంగా 20, రెండు గాడుల మధ్య అంచు పదునుగా ఉంటుంది. పైన గిన్నెలాంటి భాగం, దాని మీద చదరపు పలక. అయోనిక్‌కు కింద పీఠం ఉంటుంది, గాడులు సాధారణంగా 24, వాటి మధ్య సన్నటి చదును పట్టీ, పైన రెండు చుట్టలు. కొరింథియన్‌కు పైన ఎకాంథస్ మొక్క ఆకుల గుత్తి. రోమన్లకు అన్నిటికంటే ఇష్టమైంది ఈ కొరింథియనే. అయోనిక్ చుట్టలనూ ఆకులనూ కలిపి వాళ్లు కాంపోజిట్ అనే మరో రకాన్ని కూడా తయారుచేశారు.

స్తంభాల పైన నడిచే పట్టీ కూడా సాయపడుతుంది. మూడు నిలువు గీతల పలక, బొమ్మల పలక ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే అది డోరిక్. విరామం లేకుండా బొమ్మలు బారులు తీరి ఉంటే అయోనిక్. ఏథెన్స్‌లోని పార్థెనాన్ డోరిక్ గుడే అయినా లోపలి గది గోడ పైభాగాన దాదాపు 160 మీటర్ల అయోనిక్ పట్టీ తిరుగుతుంది. ఒకే గుడిలో ఒకే పద్ధతి ఉండాలన్న నియమమేమీ లేదు.

పార్థెనాన్‌లో సున్నం వాడలేదంటారు. మరి రాళ్లు ఎలా నిలిచాయి?

వాడలేదన్నది నిజం. క్రీ.పూ. 447లో పని మొదలై 438 నాటికి కట్టడం పూర్తయింది, శిల్పాల పని 432 దాకా సాగింది. వాస్తుశిల్పులు ఇక్టినోస్, కల్లిక్రేటిస్. శిల్పాల బాధ్యత ఫీడియాస్‌ది. పాలరాయి పెంటెలికస్ కొండ నుంచి దాదాపు 16 కిలోమీటర్లు వచ్చింది.

రాయి మీద రాయి జారకుండా ఉండటానికి మొదటి కారణం బరువు, రెండోది అతుకు. రెండు రాళ్లు కలిసే ముఖాన్ని మొత్తం నునుపు చేయలేదు. అంచు వెంట ఒక పట్టీ మేరకు అద్దంలా సానబెట్టి, మధ్య భాగాన్ని కాస్త లోతుగా, గరుకుగా వదిలేశారు. ఇలా చేస్తే నునుపు చేయాల్సిన జాగా బాగా తగ్గుతుంది, బయటికి కనిపించే గీత మాత్రం వెంట్రుకంత సన్నగా వస్తుంది. మొత్తం ముఖాన్ని సాన పెడితే మధ్యలో ఎక్కడో చిన్న ఉబ్బు మిగిలినా అంచులు కలవవు, బరువంతా ఆ ఒక్క చోట పడి రాయి చిట్లుతుంది.

ఇక భూకంపానికి రాళ్లు పక్కకు జరగకుండా ఇనుప బందులు వేశారు. పక్కపక్క రాళ్ల పైముఖంలో గుంట చెక్కి, రెండు చివర్లా అడ్డం ఉన్న ఇనుప బందును అందులో దించి, చుట్టూ కరిగించిన సీసం పోశారు. సీసానికి రెండు పనులు. నీరూ గాలీ తగలనివ్వదు కాబట్టి ఇనుము తుప్పు పట్టదు. మెత్తటి లోహం కాబట్టి కుదుపు వస్తే తాను కొంచెం అణిగి రాయిని కాపాడుతుంది.

స్తంభాలు ఒకే రాయి కావు. ఒక్కో స్తంభం ఎత్తు 10.4 మీటర్లు, అందులో 10 నుంచి 12 గుండ్రాళ్లు, అంటే డ్రమ్ముల్లాంటి రాళ్లు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ప్రతి గుండ్రాయి నడిమధ్య చదరపు గుంటలో కొయ్య దిమ్మె, దానిలో కొయ్య చీల. పైరాయి సరిగ్గా నడిబొడ్డున కూర్చోవడానికి ఈ ఏర్పాటు. అతుకు ఎంత బిగుతుగా ఉందంటే, తరవాతి కాలంలో స్తంభాలు విప్పినప్పుడు కొన్ని చోట్ల ఆ కొయ్య చెడకుండా అలాగే దొరికింది.

స్తంభాల గాడులు ముందే చెక్కి నిలబెట్టేవారా?

లేదు. అడుగు రాయికి కింద, పై రాయికి మీద కొద్ది అంగుళాల మేర మాత్రమే గాడులు చెక్కి గుర్తుగా పెట్టుకునేవారు. మిగతా చెక్కడమంతా స్తంభం లేచాకే. ముందే చెక్కితే ఎత్తేటప్పుడు అంచులు విరుగుతాయి, పైగా పన్నెండు రాళ్ల గాడులు ఒకే వరుసలో కలవవు.

దీనికి కళ్లెదుటి సాక్ష్యం సిసిలీలోని సెజెస్టా గుడి. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో పని ఆగిపోయింది. 36 స్తంభాలూ గాడులు లేకుండా గుండ్రంగా ఉండిపోయాయి. మెట్ల రాళ్ల మీద, తాడు తగిలించడానికి వదిలిన బొడిపెలు ఇంకా ఉన్నాయి. పని పూర్తయితే వాటిని ఉలితో కొట్టేసేవారు. గ్రీకు పని ఏ వరుసలో జరిగేదో తెలుసుకోవాలంటే, పూర్తయిన గుడి కంటే ఇదే మంచి పాఠం.

అంత బరువు రాళ్లను ఎలా ఎత్తారు?

కప్పీలు, తాళ్లు, తాడు చుట్టే దుంగ. క్రీ.పూ. 6వ శతాబ్దం చివరి నుంచి గ్రీకులు క్రేన్లు వాడారు. అంతకుముందు మట్టి వాలులు. రాయిని పట్టుకోవడానికి మూడు నాలుగు దారులున్నాయి: బొడిపెలకు తాడు వేయడం, పక్కల చిన్న గుంటలు చెక్కి పెద్ద పటకారుతో పట్టడం, పైముఖంలో కిందికి వెడల్పయ్యే గుంట చెక్కి అందులో ముక్కలుగా ఇనుప చీలలు దించి బిగించడం. ఈ చివరి పద్ధతిలో బరువు పెరిగేకొద్దీ పట్టు బిగుస్తుంది. శిథిలాల్లో రాళ్ల పైముఖాన ఇలాంటి గుంటలు కనిపిస్తే అవి దేనికో ఇప్పుడు మీకు తెలుసు. రోమన్లు దుంగ బదులు మనుషులు లోపల నడిచి తిప్పే పెద్ద చక్రం పెట్టారు.

పార్థెనాన్‌లో సరళరేఖే లేదంటారు, నిజమా? గోల్డెన్ రేషియో సంగతేమిటి?

మొదటిది చాలావరకు నిజం. స్తంభాలు నిలిచే వేదిక మధ్యలో ఉబ్బి ఉంటుంది: పొట్టి వైపుల 6 సెంటీమీటర్లు, పొడుగు వైపుల 11 సెంటీమీటర్లు. స్తంభాలు లోపలికి సుమారు 7 సెంటీమీటర్లు వాలాయి. మూల స్తంభాలు మిగతావాటి కంటే కొంచెం లావు, పక్క స్తంభానికి ఇంకాస్త దగ్గర. స్తంభం నడుము దగ్గర కూడా సన్నటి ఉబ్బు ఉంటుంది. ఎందుకన్నదానికి రోమన్ వాస్తుశిల్పి, రచయిత విట్రూవియస్ చెప్పిన కారణం కంటి భ్రమను సరిదిద్దడం. వాననీరు జారిపోవడానికీ ఉబ్బు పనికొస్తుంది. కారణం ఏదైనా, దీని ధర చూడండి. వేదిక వంగి ఉన్నాక, స్తంభం వాలి ఉన్నాక, ఏ గుండ్రాయి అడుగు భాగమూ సమంగా ఉండదు. అడ్డదూలాలకు లంబకోణం పనికిరాదు. అచ్చు పోసినట్టు ఒకే కొలతతో రాళ్లు కోయడం కుదరదు, ప్రతి రాయికీ దాని చోటును బట్టి కొలత.

పార్థెనాన్‌ను గోల్డెన్ రేషియో అనే నిష్పత్తి ప్రకారం కట్టారన్న కథ మాత్రం కొలతలకు నిలవదు. వేదిక 69.5 మీటర్లు, 30.9 మీటర్లు. అంటే 9:4, భాగిస్తే 2.25. గోల్డెన్ రేషియో 1.618. ఇదే 9:4 ముఖభాగం వెడల్పు, ఎత్తుల్లోనూ, స్తంభాల మధ్య దూరం, స్తంభం లావుల్లోనూ వస్తుంది. పుస్తకాల్లో ముఖభాగం మీద గీసే బంగారు దీర్ఘచతురస్రం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో గీసేవాళ్ల ఇష్టం మీద ఆధారపడింది.

గ్రీకు గుళ్లలో స్తంభాలు అంత దగ్గరగా ఎందుకు?

రాయి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, సాగదీతను ఓర్చుకోదు. రెండు స్తంభాల మీద దూలంరాయి పెడితే దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. పగులు అడుగున మొదలవుతుంది. పార్థెనాన్‌లో దూలంరాళ్ల పొడవు సుమారు 4.3 మీటర్లు. అది కూడా ఒకే రాయి కాదు, మూడు పలకలను నిలువునా పక్కపక్కన చేర్చారు. ఎత్తడం తేలిక, ఒకటి పగిలినా మిగతా రెండు మోస్తాయి. మన వేయిస్తంభాల గుడిలోనూ స్తంభాలు దగ్గరగా ఉండటానికి అదే భౌతిక కారణం.

కమాను కనిపెట్టింది రోమన్లేనా?

కాదు. మెసొపొటేమియా, ఈజిప్టుల్లో అంతకు చాలా ముందే ఉంది. రోమన్లు చేసింది దాన్ని నగరమంతా, రాజ్యమంతా వాడటం. కమానులో ప్రతి రాయీ పక్కరాయిని నొక్కుతుంది, సాగదీత ఉండదు. చిక్కల్లా రెండు చోట్ల. నడినెత్తి రాయి పడేదాకా కమాను తనంతట తాను నిలవదు, అందాకా కింద కొయ్య సెంట్రింగ్ మోయాలి. నిలిచాక కూడా కాళ్లను బయటికి తోస్తూనే ఉంటుంది. వరుసగా కమానులు కడితే ఒకదాని తోపుడు పక్కదానికి సరిపోతుంది, చివరి కమాను దగ్గర మాత్రం లావాటి దిమ్మె కావాలి. కూలిపోయిన కమానుల వరుసల్లో ముందు పోయేది తరచూ ఆ చివరే.

రోమన్ కాంక్రీట్‌లో ఏముంది? ఎలా కట్టేవారు?

సున్నం, అగ్నిపర్వత బూడిద, రాళ్ల ముక్కలు, నీళ్లు. బూడిద పేరు పొజొలానా, నేపుల్స్ దగ్గరి పొజువోలి ఊరి పేరు మీదుగా వచ్చింది.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోతుంది, శుద్ధమైన రాయి బరువులో 44 శాతం తగ్గుతుంది. మిగిలిన గుల్లను నీళ్లతో చల్లార్చాలి. సరిగా చల్లారని గుల్ల గోడ పూతలో మిగిలిపోతే తరవాత నీరు పీల్చి ఉబ్బి, పూతను పెచ్చులుగా ఎగదన్నుతుంది. అందుకే కనీసం మూడేళ్లు నిలవ ఉంచని సున్నం వాడకూడదని పాత చట్టాలు చెప్పేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

పాళ్లు విట్రూవియస్ ఇచ్చాడు. గనుల్లో తవ్విన ఇసుకైతే మూడు పాళ్లకు ఒక పాలు సున్నం. నదీ ఇసుక, సముద్రపు ఇసుకైతే రెండు పాళ్లకు ఒకటి. ఈ రెండో దానిలో మూడో వంతు దంచి జల్లించిన పెంకుపొడి కలిపితే గట్టిపడుతుందన్నాడు. సముద్రంలో రేవు కట్టడానికి రెండు పాళ్లు పొజొలానా, ఒక పాలు సున్నం. మన మేస్త్రీలు పాత కట్టడాల్లో సున్నంలో ఇటుకపొడి, అంటే సుర్ఖీ, కలిపింది ఇదే రసాయనం కోసం. కాల్చిన మట్టిలోనూ, అగ్నిపర్వత బూడిదలోనూ ఉన్న సిలికా, అల్యూమినాలు సున్నంతో కలిసి నీటిలో కూడా గట్టిపడే బంధాన్నిస్తాయి. ఉత్త సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, లావాటి గోడ నడుమ ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది.

ఇప్పటి కాంక్రీట్‌లా దీన్ని పోసేవారు కాదు. ముందు రెండు వైపులా ఇటుకతోనో చిన్న రాళ్లతోనో ముఖగోడలు లేపేవారు. నడుమ చిక్కటి సున్నం ముద్ద పరిచి, పిడికెడంత రాళ్లను చేత్తో పేర్చి దిమ్మిస కొట్టేవారు. మళ్లీ సున్నం, మళ్లీ రాళ్లు. ముఖానికి వాడే ఇటుకలను మూలకు మూల కోసి త్రికోణాలుగా చేసి, కొనను లోపలికి పెట్టేవారు. ఆ కొన కాంక్రీట్‌లో కూరుకుపోయి ముఖం ఊడి రాకుండా పట్టుకుంటుంది. కొన్ని అడుగులకొకసారి రెండు రోమన్ అడుగుల, అంటే 59 సెంటీమీటర్ల, పెద్ద ఇటుకల వరుస గోడ నిండా పరిచేవారు.

ముఖం చూసి కాలం కూడా చెప్పొచ్చు. ఎగుడుదిగుడు చిన్నరాళ్లయితే పాతది. వలలాగా ఏటవాలు చదరాలుగా పేర్చితే ఎక్కువగా క్రీ.పూ. 1వ శతాబ్దం, క్రీ.శ. 1వ శతాబ్దం. అంతా ఇటుకైతే సాధారణంగా చక్రవర్తుల కాలం. కొన్ని ఇటుకల మీద తయారీదారు ముద్ర, ఆ ఏటి కాన్సుల్ (రోమ్ ఉన్నతాధికారి) పేరు కూడా ఉంటాయి.

అయితే ఇప్పటి సిమెంట్ కంటే అదే గట్టిదా?

కాదు. నొక్కుడుబలంలో ఇప్పటి మామూలు కాంక్రీట్‌దే పైచేయి, త్వరగా గట్టిపడటంలో కూడా. రోమన్ కాంక్రీట్ గొప్పతనం మన్నికలో ఉంది. మొదటి కారణం అందులో ఇనుప కడ్డీలు లేకపోవడం. ఇప్పటి స్లాబులు ఎక్కువగా పాడయ్యేది కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీట్‌ను పగలగొట్టడం వల్ల. రెండో కారణం, సముద్రపు కట్టడాల్లో ఉప్పునీరు బూడిదతో చర్య జరిపి పగుళ్లలో కొత్త ఖనిజ స్ఫటికాలను పెంచడం. మూడోది 2023లో ప్రచురించిన అమెరికా పరిశోధన: కొన్ని గోడల్లో కనిపించే తెల్లటి సున్నపు గడ్డలు అశ్రద్ధ వల్ల మిగిలినవి కావనీ, కాల్చిన సున్నాన్ని వేడిగానే కలపడం వల్ల వచ్చినవనీ, పగులులోకి నీరొస్తే అవి కరిగి పగులును పూడుస్తాయనీ ఆ పరిశోధకులు చూపారు.

అలాగని అదే పాళ్లతో ఇవాళ అయిదంతస్తులు లేపలేరు. సాగదీత ఓర్చుకోని పదార్థంతో పల్చటి స్లాబ్ నిలవదు. రోమన్ల గోడలు అంత లావు ఎందుకంటే ఇందుకే.

పాంథియన్ గుమ్మటం ఇనుము లేకుండా ఎలా నిలిచింది? వాన పడితే?

రోమ్‌లోని పాంథియన్ గుడి హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయింది. ముందువైపు చెక్కి ఉన్న అగ్రిప్పా పేరు, అంతకుముందు ఆయన కట్టించి తరవాత కాలిపోయిన గుడిది, కొత్త కట్టడం మీద మళ్లీ చెక్కించారు. ఈ గుట్టు విప్పడంలో గోడలోని ఇటుక ముద్రలదే పెద్ద పాత్ర.

గుమ్మటం అడ్డుకొలత 43.3 మీటర్లు. నేల నుంచి పైకన్ను దాకా, అంటే గుమ్మటం నడినెత్తిన తెరిచి ఉన్న గుండ్రటి రంధ్రం దాకా, ఎత్తు కూడా అంతే. ఇనుము లేని కాంక్రీట్ గుమ్మటాల్లో ఇప్పటికీ ఇదే పెద్దది. ఇది నిలవడానికి అసలు కిటుకు బరువు తగ్గించుకుంటూ పోవడం. పునాదిలో బరువైన ట్రావెర్టీన్ సున్నపురాయి, గోడల్లో ట్రావెర్టీన్‌తో పాటు టఫ్ (అగ్నిపర్వత బూడిద గట్టిపడిన రాయి), ఇంకా పైన టఫ్, ఇటుక ముక్కలు, గుమ్మటం కొసన నీటిలో తేలే ప్యూమిస్ రాయి. మందం కూడా అలాగే: అడుగున సుమారు 6 మీటర్లు, పైకన్ను దగ్గర 1.2 మీటర్లు. లోపలి వైపు ఒక్కో వరుసకు 28 చొప్పున అయిదు వరుసల లోతు గళ్లు. బయట అడుగు భాగాన మెట్లలాంటి వలయాలు గుమ్మటం నడుముకు బరువు పెట్టి తోపుడును అదుపు చేస్తాయి.

పగుళ్లు లేవనుకోవద్దు. ఏ గుమ్మటానికైనా కింది భాగం బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. పాంథియన్‌లో కూడా కింది భాగాన నిలువు పగుళ్లున్నాయి, అందువల్ల అది పక్కపక్కన నిలిచిన కమానుల్లా పనిచేస్తోంది. కింద ఉన్న సుమారు 6 మీటర్ల మందం గోడ ఆ తోపుడును భరిస్తోంది. నడినెత్తిన రాయి లేకుండా కన్ను తెరిచి ఉంచినా పడకపోవడానికి కారణం, ఆ అంచు చుట్టూ ఉన్న ఇటుక వలయం అన్ని వైపుల నుంచీ నొక్కుకుని బిగుసుకోవడమే.

వాన లోపల పడుతుంది. నేల మధ్యలో కొద్దిగా ఉబ్బి వాలుగా ఉంటుంది, చలువరాళ్లలో చిన్న రంధ్రాల ద్వారా నీరు కిందికి పోతుంది. క్రీ.శ. 609లో చర్చిగా మారడం వల్లే ఇది ఇంత చెక్కుచెదరకుండా మిగిలింది.

కొలీజియం గోడ నిండా ఆ బొక్కలేమిటి?

దొంగతనం గుర్తులు. ట్రావెర్టీన్ రాళ్లను కలిపిన ఇనుప బందుల కోసం మధ్యయుగాల్లో జనం అతుకుల దగ్గర తవ్వారు. ఇనుముకు అప్పట్లో అంత విలువ. 1349 భూకంపంలో దక్షిణం వైపు బయటి గోడ కూలింది, ఆ రాళ్లూ ఊళ్లోని వేరే కట్టడాలకు పోయాయి. క్రీ.శ. 80లో ప్రారంభమైన రోమ్‌లోని ఈ యాంఫిథియేటర్ 189 మీటర్ల పొడవు, 156 మీటర్ల వెడల్పున్న కోడిగుడ్డు ఆకారం. కింద 80 కమానులు, వాటిలో 76కు అంకెలు చెక్కి ఉండేవి, చూడవచ్చినవాళ్ల టోకెన్ మీద అంకెను బట్టి దారి.

వామిటోరియం అంటే తిన్నది కక్కే గది అనే ప్రచారం తప్పు. జనాన్ని ఆసనాల నుంచి బయటికి వదిలే దారులకు ఆ పేరు.

థియేటర్, యాంఫిథియేటర్ ఒకటి కాదా? నాగార్జునకొండలో ఉన్నది రోమన్‌దేనా?

కాదు. థియేటర్ అర్ధచంద్రాకారం, నాటకాలకు. గ్రీకులు కొండవాలును చెక్కి మెట్లు వేశారు, క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీసులోని ఎపిడారస్‌లో 55 వరుసలున్నాయి. రోమన్లు కమానుల మీద సమతల నేలలో కూడా కట్టారు. యాంఫిథియేటర్ చుట్టూ మూసి ఉంటుంది, ఆయుధాలతో పోరాడే గ్లాడియేటర్ల పోటీలకు, వేటలకు.

నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు క్రీడాంగణం దీర్ఘచతురస్రం, చుట్టూ మెట్ల వరుసలు. రోమన్ యాంఫిథియేటర్‌తో పోల్చే పండితులున్నారు. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి కాబట్టి ఆ లోకంతో వ్యాపారం ఉన్నమాట నిజం. కానీ ఆకారం వేరు, పద్ధతి వేరు. రోమన్లు వచ్చి కట్టారనడానికి అవి చాలవు. జలాశయం నీళ్లు రాకముందే దాన్ని తరలించి అనుపులో మళ్లీ పేర్చారు, వెళ్లి చూడొచ్చు.

పంపులు లేకుండా నీళ్లు 50 కిలోమీటర్లు ఎలా తెచ్చారు?

వాలుతోనే. నీమ్ పట్టణానికి నీరు తెచ్చిన కాలువ పొడవు సుమారు 50 కిలోమీటర్లు, మొత్తం వాలు 12.6 మీటర్లే. అంటే కిలోమీటరుకు సగటున ఒక జాన కంటే కాస్త ఎక్కువ. నది దాటే చోట కట్టిన మూడంతస్తుల వంతెనే పోన్ దు గార్, ఎత్తు దాదాపు 49 మీటర్లు. కాలువలో ఎక్కువ భాగం మాత్రం నేల కిందే నడుస్తుంది.

వాలు మరీ ఎక్కువైతే నీరు పూతను కోసేస్తుంది, తక్కువైతే నిలిచి ఒండ్రు పడుతుంది. కాలువ లోపల పెంకుపొడి కలిపిన సున్నం పూత. దీన్ని చివరికి దెబ్బతీసింది నీటిలోని సున్నమే: గోడలకు పొరలుగా పేరుకుపోయి కొన్ని చోట్ల అడుగుకు పైగా మందమైంది. గీకి తీసేవాళ్లు ఉన్నంతకాలం కాలువ పారింది.

విగ్రహాలు నిజంగా రంగురంగులుగా ఉండేవా?

ఉండేవి. తెల్లటి పాలరాతి గ్రీసు అన్నది తరవాతి కాలపు ఊహ. రంగు మట్టిలో, వానలో పోయింది. కొంత తవ్వి తీశాక కడిగేసినవాళ్ల చేతుల్లో పోయింది. 1937–38లో బ్రిటిష్ మ్యూజియంలో పార్థెనాన్ శిల్పాలను లోహపు పనిముట్లతో గీకి తెల్లబరచడం ఇందులో బాధాకరమైన ఘట్టం. అక్కడ పోయింది మురికి ఒక్కటే కాదు, రాతి పైపొర కూడా.

మిగిలినదాన్ని కనిపెట్టే పద్ధతులున్నాయి. పక్క నుంచి ఏటవాలుగా దీపం వేస్తే, రంగు కాపాడిన చోట రాయి ఎత్తుగా, మిగతా చోట అరిగి కనిపిస్తుంది, నగిషీ బయటపడుతుంది. ఈజిప్షియన్ బ్లూ అనే నీలిరంగు మీద ఎర్రని కాంతి వేసి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తే, కంటికి ఏమీ కనిపించని చోట కూడా ఆ రంగు రేణువులు వెలుగుతాయి. ఏథెన్స్ ఆక్రోపోలిస్ మ్యూజియంలో క్రీ.పూ. 530 నాటి పెప్లోస్ కోరే అనే యువతి విగ్రహం మీద రంగు జాడలు ఇప్పటికీ చూడొచ్చు.

పాలరాతి విగ్రహం కాలికి చెట్టు మొద్దు ఎందుకు అంటుకుని ఉంటుంది?

మూల విగ్రహం చాలావరకు కంచుది కాబట్టి. బోలు కంచు తేలిక, రెండు చీలమండల మీద నిలుస్తుంది. అదే భంగిమను రోమన్లు పాలరాతిలో చెక్కితే చీలమండ దగ్గర విరుగుతుంది. అందుకే మొద్దు, తొడకూ చేతికీ నడుమ రాతి కడ్డీ. గ్రీకు శిల్పులు మైరాన్ చేసిన ‘డిస్కస్ విసిరేవాడు’, పాలిక్లీటస్ చేసిన ‘బల్లెం పట్టినవాడు’ విగ్రహాలు మనకు తెలిసింది ఇలాంటి నకళ్ల వల్లే. కంచువి కరిగించి నాణేలుగా, ఆయుధాలుగా మార్చుకున్నారు. సముద్రంలో మునిగినవే ఎక్కువగా మిగిలాయి. 1972లో ఇటలీలోని రియాచే తీరాన దొరికిన రెండు విగ్రహాలు అలాంటివే.

పోత ఇలా సాగేది. ముందు మట్టి నమూనా. దాని మీద ముక్కలుగా అచ్చు తీస్తారు. అచ్చు లోపల కొద్ది మిల్లీమీటర్ల మందాన మైనం పూస్తారు. లోపల మట్టి గుజ్జు నింపుతారు. మైనం గుండా ఇనుప చీలలు గుచ్చుతారు, మైనం కరిగాక లోపలి మట్టి కదలకుండా పట్టుకునేవి అవే. బయట మట్టి కప్పి, కాల్చి, మైనాన్ని వదిలించి, ఆ సందులో కరిగిన కంచు పోస్తారు. తల, చేతులు, మొండెం విడివిడిగా పోసి తరవాత కంచుతోనే అతుకుతారు. అచ్చులో తడి మిగిలితే ఆవిరి బుడగలై లోహంలో గుంటలు పడతాయి. ఆ చోటును చదరంగా కోసి సరిపడా బిళ్ల అతికిస్తారు. మ్యూజియంలో కంచు విగ్రహం తొడ మీద చిన్న చదరపు గీత కనిపిస్తే అదే. కళ్లు రాతివి, పెదాలు ఎర్రటి రాగివి, రియాచే విగ్రహాల్లో ఒకదానికి పళ్లు వెండివి. మన దక్షిణాది పంచలోహ విగ్రహాలు ఎక్కువగా గట్టిపోత. మనిషంత ఎత్తు విగ్రహానికి గట్టిపోత అయితే లోహం ఖర్చు ఎక్కువ, చల్లారేటప్పుడు పగిలే ప్రమాదమూ ఉంది.

ఏథెన్స్ కుండల మీద నలుపు, ఎరుపు రెండు రంగులా?

ఒకటే మట్టి. బొమ్మ వేసే పూత కూడా అదే ఇనుపశాతం ఉన్న మట్టిని నీటిలో తేర్చి తీసిన అతి నున్నటి రేణువులు. తేడా అంతా ఆవంలో వస్తుంది, ఒకే కాల్పులో మూడు దశలు. మొదట గాలి ఆడనిచ్చి 800 డిగ్రీల దాకా: అంతా ఎరుపు. తరవాత గాలి దారులు మూసి పచ్చికట్టె వేసి 900–950 దాకా: అంతా నలుపు, ఈ వేడికి పూత మాత్రం కరిగి గాజులా మూసుకుంటుంది. చివర్లో మళ్లీ గాలి: కుండ ఒళ్లు గాలి పీల్చి ఎరుపుకు తిరుగుతుంది, మూసుకున్న పూత నలుపుగానే ఉండిపోతుంది.

రెండో దశలో వేడి చాలకపోతే పూత మూసుకోదు, చివర్లో అదీ ఎర్రబడుతుంది. కుండ మీద కుండ పేర్చిన చోట నలుపులో ఎర్రటి వలయం పడుతుంది. నల్ల బొమ్మల పద్ధతి పాతది. క్రీ.పూ. 525 ప్రాంతంలో ఏథెన్స్‌లో దాన్ని తిరగేసి, నేపథ్యం నలుపు చేసి బొమ్మను ఎర్రగా వదిలారు. నల్ల బొమ్మల్లో వివరాల కోసం చేసే చెక్కడం పోయి కుంచె గీత వచ్చింది, కండరాలు, మడతలు తేలిగ్గా గీయగలిగారు.

పాంపే గోడల రంగులు ఇంతకాలం ఎలా నిలిచాయి?

తడి సున్నం మీద వేశారు కాబట్టి. సున్నం ఆరేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి రాయిగా మారుతుంది, రంగు రేణువులు ఆ పొరలో చిక్కుకుంటాయి. విట్రూవియస్ చెప్పిన మంచి పని ప్రకారం ఇసుక సున్నం మూడు పూతలు, పాలరాతి పొడి సున్నం మూడు పూతలు. ఒకేసారి మందంగా పూస్తే బీటలు తీస్తుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద ఇటలీలోని ఈ ఊరిని కప్పేసి ఎండ నుంచి కాపాడింది.

ఇంగిలీకం ఎరుపు మాత్రం ఎండకు నల్లబడుతుంది. ఫేబరియస్ అనే లేఖకుడు తన ఇంటి వరండా గోడలకు ఇంగిలీకం వేయిస్తే 30 రోజుల్లో పాడైందని విట్రూవియస్ రాశాడు. దాని మీద మైనం, నూనె కలిపి పూసి, నిప్పుల సెగతో ఇంకించి, గుడ్డతో రుద్దమన్నాడు.

పాత కట్టడాలకు మరమ్మతు చేస్తే పాడవుతాయా?

చెడ్డ మరమ్మతు పాడుచేస్తుంది, పార్థెనాన్‌లోనే అది జరిగింది. 1687లో వెనీషియన్ల ఫిరంగి గుండు లోపల దాచిన తుపాకీ మందు మీద పడి నడిభాగం పేలిపోయింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పడిన రాళ్లను తిరిగి నిలబెట్టారు, కానీ ఇనుప బందుల చుట్టూ సీసం పోయలేదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, రెండు వేల ఏళ్లు నిలిచిన పాలరాతిని చీల్చింది. కొన్ని రాళ్లను తమది కాని చోట పెట్టారు కూడా. 1975లో ఏర్పడిన సంరక్షణ కమిటీ ఆధ్వర్యంలో ఆ రాళ్లన్నీ విప్పి, ఇనుము తీసి, తుప్పు పట్టని టైటానియం వేస్తున్నారు. కొత్తగా చేర్చే పాలరాయి తెల్లగా వేరుగా కనిపిస్తుంది, అది కావాలనే. ఏది పాతదో, ఏది కొత్తదో చూసేవాళ్లకు తెలియాలి.

హైదరాబాద్‌లో ఇవి నేర్చుకోవడానికి ఏదైనా ఉందా?

కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ. 19వ శతాబ్దం మొదటి దశాబ్దంలో శామ్యూల్ రస్సెల్ పర్యవేక్షణలో కట్టారు. ముందు వెడల్పయిన మెట్లు, ఎత్తయిన కొరింథియన్ స్తంభాలు, పైన త్రికోణ ముఖం. పైన చెప్పిన గుర్తులను ఒక్కొక్కటిగా అక్కడ సరిచూసుకోండి: పీఠం ఉందా, గాడుల మధ్య అంచు పదునా చదునా, ఆకులు ఎన్ని వరుసలు, మెట్లు ఎన్ని వైపుల. పార్థెనాన్ రాతి పద్ధతి కాదది, ఇటుక మీద సున్నపు గచ్చు పని. కాబట్టి స్తంభంలో గుండ్రాళ్ల అతుకులు వెతకొద్దు, గచ్చు ఎక్కడ పగిలి ఇటుక బయటపడిందో అక్కడ చూడండి.